రెండు వేళ్ళ దూరం

మార్చి 3, గురువారం

రాత్రి మంచు పడలేదు. ఆవు పూటకు లీటరున్నర ఇచ్చింది, నిన్నటికంటే పావు తక్కువ. ఉల్లి మళ్ళలో కలుపు సగం అయింది.

పంచాయతీ గది గోడకు కొత్త జిల్లా పటం అంటించారు. మా రామ్‌కోట్ జిల్లాను రెండు ముక్కలు చేసి, నది అవతల దేవల్‌చౌర్ కేంద్రంగా ఇంకొకటి పెడుతున్నారట. పాత జిల్లాకు పసుపు రంగు వేశారు, కొత్తదానికి లేత ఆకుపచ్చ. మా సిలింగీ ఆకుపచ్చలో ఉంది. నది ఇవతల ఆకుపచ్చలో పడిన ఊరు మాదొక్కటే. పసుపు గుడ్డ మీద పడిన మరకలా ఉన్నాం.

అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పుకోవాలని కింద రాసి ఉంది.

మగవాళ్ళు పటం మీద వేళ్ళు పెట్టి కొలిచారు. సిలింగీ నుంచి దేవల్‌చౌర్ రెండు వేళ్ళు. రామ్‌కోట్ తొమ్మిది వేళ్ళు. "చూశారా, ఎంత కలిసొచ్చిందో!" అన్నాడు మా ఊరి ప్రధాన్ ఖీమ్ సింగ్.

మా పెద్ద తోడికోడలు జైంతీ దీదీ పటం దగ్గరికి వెళ్ళి కళ్ళు చికిలించింది.

"ఈ రెండు వేళ్ళ మధ్య నది ఏదీ?"

"ఇదిగో దీదీ, ఈ నీలం గీత."

"ఇంత సన్నమా! అయితే చెప్పులు కూడా విప్పక్కర్లేదు. దాటేస్తా."

అందరూ నవ్వారు, నేను కూడా. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. దీదీకి అరవై ఎనిమిదేళ్ళు. కుడి మోకాలు వంగదు. భర్త పోయాక వచ్చే పింఛను కోసం ఏటా ఒకసారి జిల్లా కచేరీకి వెళ్ళి, బతికే ఉన్నానని మనిషి కనిపించి రావాలి. ఊళ్ళో అలాంటివాళ్ళు పద్నాలుగు మంది. ఆసుపత్రి, కోర్టు, భూమి కాగితం, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ జిల్లాతోనే పోతాయి.

బస్సు దారి ఇది. మా ఊరి కింద నుంచి రామ్‌కోట్‌కు యాభై రెండు కిలోమీటర్లు. అక్కడ వంతెన దాటి, అవతలి ఒడ్డున మళ్ళీ వెనక్కి తిరిగి దేవల్‌చౌర్‌కు నలభై ఒకటి. అంటే ఇకనుంచి పాత కచేరీ గేటు ముందునుంచే బస్సులో పోతూ కొత్త కచేరీకి వెళ్ళాలి.

"పోతూ పోతూ కిటికీలోంచి ఆ గేటుకో దణ్ణం పెట్టుకుందాంలే" అంది దీదీ.

పటం పక్కనే సర్వే వివరాల కాగితం ఉంది. సిలింగీ నుంచి దేవల్‌చౌర్‌కు కాలిబాట, గంటన్నర. ఎవరు చెప్పారో. ఎవరో గొప్పకు పోయి చెప్పి ఉంటారు. మగవాళ్ళకు ఆ అలవాటుంది.

మార్చి 4

ఉల్లి కలుపు అయిపోయింది. గంటన్నరట.

మార్చి 7, సోమవారం

ప్రధాన్ ముంగిట్లో ఊరంతా కూర్చున్నాం. కొత్త జిల్లా వస్తే ఉద్యోగాలొస్తాయి, కొత్త కలెక్టరు కొత్త ఉత్సాహంతో పనిచేస్తాడు, ఇప్పుడు కాదంటే మన ఊరి పేరు నల్ల జాబితాలోకి ఎక్కుతుంది అని ఖీమ్ సింగ్ చెప్పుకొచ్చాడు. మా ఆయన తల ఊపుతూ కూర్చున్నారు. పద్దెనిమిదేళ్ళు ఫౌజులో చేసి వచ్చిన మనిషి, పటం అనగానే వెన్ను నిటారవుతుంది.

నేను లేచాను. "ప్రధాన్ జీ, ఆ గంటన్నరలో ఒకసారి నడిచి చూపించండి. మీ వెనకే మేమంతా నడుస్తాం."

"నువ్వా భౌజీ అడిగేది?" అన్నాడు, వదిన వరస కలిపి. "కొత్త జిల్లా నీ పుట్టింటి గుమ్మంలోకి వస్తోంది. అందరికంటే ముందు నువ్వు మిఠాయి పంచాలి."

"మిఠాయి పంచుతాను. జిల్లా మాత్రం వద్దు."

ఆడవాళ్ళ వైపు నుంచి చప్పట్లు. ఇంటికొచ్చాక ఆయన చెప్పులు విప్పుతూ అన్నారు.

"హేమా వాళ్ళమ్మా, సర్కారు గీసిన గీత మీద నీ వేలు పెట్టి చెరిపేస్తావా?"

"చెరపను. పక్కన నా గీత గీస్తాను."

"దేంతో?"

భిటౌలీ పుస్తకం తీసి చూపించాను. ఆయన నవ్వారు. "పుట్టింటి పద్దు!"

నవ్వితే నవ్వనీ. చైత్రంలో అన్న వచ్చి, అత్తింట్లో ఉన్న చెల్లెలికి పూరీలు, బట్టలు ఇచ్చి వెళ్ళే భిటౌలీ ఈ కొండల్లో అందరికీ ఉంది. పుస్తకం మాత్రం నా ఒక్కదానికే ఉంది. పెళ్ళయిన ఏడాది, 1996 నుంచి, అన్న దీవాన్ దా ఏ రోజు బయలుదేరాడు, ఏ దారిన వచ్చాడు, ఎన్ని గంటలు పట్టింది, నది ఎలా ఉంది, అన్నీ రాశాను. ఎందుకు రాశానో నాకే తెలీదు. ఆవు పాలు రాసినట్టే ఇదీ రాశాను.

ఇరవై ఆరు చైత్రాలు. ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

మార్చి 9

సర్వే మనిషి వచ్చింది కిందటి ఏడాది అక్టోబరులో. మా ముంగిట్లో కూర్చున్నాడు. టీ ఇచ్చాను.

మెంతికూర విత్తనాలు ఎండబెట్టాను.

మార్చి 14, సోమవారం

చైత్ర సంక్రమణం. తెల్లారేసరికి ఊరి పిల్లలు గడపల మీద పూలు చల్లి, బెల్లం పట్టుకుని పోయారు. మా గడప మీద అడవి పసుపుపూలు, ఎర్ర బురాంశ్ పూలు. ఊడవలేదు.

పుస్తకంలోంచి తెల్లకాగితాల మీద ఎత్తి రాస్తున్నాను. 1996 నుంచి 2001 దాకా చెక్క వంతెన ఉంది. అన్నకు అప్పుడు పాతికేళ్ళు. అయినా ఆరు గంటలకు తక్కువ ఎప్పుడూ రాలేదు. కొండ దిగాలి, మళ్ళీ అంత కొండా ఎక్కాలి. మేం ఈ కొండ నడుం మీద, వాళ్ళు ఆ కొండ నడుం మీద. మధ్యలో భుజ్‌గాడ్ నది, పైనుంచి చూస్తే మజ్జిగ చిలికే తాడులా కనిపిస్తుంది.

2001 వరదకు వంతెన పోయింది. తరవాత ఇనుప తాడుకు తొట్టి వేలాడదీశారు. అందులో కూర్చుని తాడు లాక్కుంటూ దాటాలి. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా దానికి గొలుసేసి తాళం వేస్తారు. నీళ్ళు తొట్టి దాకా ఎగురుతాయి మరి. 2004లో తాడు తెగి ఉంది, అన్న బస్సులో చుట్టూ తిరిగి రెండో రోజుకు వచ్చాడు. 2011లో తొట్టిలో పూరీల మూట జారి నదిలో పడింది. ఖాళీ చేతులతో వచ్చానని గుమ్మం బయట నుంచుని ఏడ్చాడు. 2017 నుంచి మోకాళ్ళు పట్టేసి బస్సులోనే వస్తున్నాడు. ఇదంతా చైత్రంలో, నది సన్నగా ఉన్నప్పటి సంగతి.

శ్రావణంలో రాసింది ఒకటుంది. 2009. అది భిటౌలీ కాదు. ఎత్తి రాయలేదు.

ఈజా అని పిలిచే మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ప్రతి మంగళవారం తన ముంగిటి గోడ మీద ఎర్ర రజాయి ఆరేసేది. అంతా బాగున్నాం అని దానర్థం. నేనూ ఇక్కడ మా ఎర్ర రజాయి ఆరేసేదాన్ని. మా అమ్మకు చూపు తగ్గాక కూడా, "ఎర్రగా ఏదో కనపడుతోందా?" అని కోడలిని అడిగి తెలుసుకునేదట. ఆమెతోపాటే అదీ పోయింది. ఇప్పుడు మా రజాయి ఇంటి వెనక ఆరుతుంది.

మార్చి 18, శుక్రవారం

హోలీ రంగు చేతులతోనే సంతకాలకు బయలుదేరాను. నూట పదకొండు ఇళ్ళలో డెబ్బై నాలుగు అయ్యాయి. వేలిముద్రలు ఎర్రగా పడ్డాయి, సిరా అవసరం లేకపోయింది.

కింది వాడలో చనులీ అనే కొత్తకోడలు కలం పట్టుకుని ఆగింది.

"భౌజీ, ఒకటడుగుతా, కోప్పడకు. మా పుట్టిల్లు ఇదిగో ఇక్కడే, చేయి చాపితే అందుతుంది అని నీళ్ళ దగ్గర మా చెవులు తూట్లు పడేలా చెప్పేదానివి. ఇప్పుడు దూరం ఎలా అయింది? కొండ జరిగిందా?"

పక్కనున్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

"సంతకం పెడతావా లేదా?" అన్నాను.

పెట్టింది. కలం మూత కూడా పెట్టకుండా తిరిగిచ్చింది పాపం. నేను కాస్త గట్టిగా మాట్లాడినట్టున్నాను.

మార్చి 19

ఏమీ లేదు. పాలు లీటరున్నర.

మార్చి 22, మంగళవారం

ఖీమ్ సింగ్ సర్వే కాగితం నకలు తెప్పించి మా ఆయన చేతిలో పెట్టాడట. ఆయన భోజనానికి కూర్చున్నాక జేబులోంచి తీసి, మడత విప్పకుండానే నా పక్కన పెట్టారు. భట్ గింజల చారులో అన్నం కలుపుకుని తిని, చేయి కడుక్కుని బయటికి వెళ్ళిపోయారు.

అందులో ఉన్నది ఇది, నా పేరుతో సహా. "స్థానికురాలు గోవిందీ దేవి, భర్త కుందన్ సింగ్, చెప్పినదాని ప్రకారం కాలిబాటన గంటన్నర. తరచూ రాకపోకలు ఉన్నాయి."

తెలుసు. మూడో తారీఖునే తెలుసు. ఈ డైరీ నేను తప్ప ఎవరూ చూడరు. అయినా మగవాళ్ళ మీదికి తోశాను.

ఆ రోజు ఎండ బాగా కాసింది. అవతల కఫలటాలో మా పుట్టింటి పొయ్యి పొగ లేస్తోంది, ఆ పైన దేవల్‌చౌర్ తెల్ల కట్టడాలు మెరుస్తున్నాయి. సర్వే మనిషి టీ తాగుతూ, "అది ఎంత దూరం అమ్మా?" అన్నాడు. "అదా? అది మా పుట్టిల్లు. ఎంత, గంటన్నర. పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తాం" అన్నాను. ఎవరూ బలవంతం చేయలేదు. నోరు దానంతటదే చెప్పింది. ఇరవై ఆరేళ్ళుగా చెబుతున్నదే కదా.

పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు, "ఎక్కడో నది అవతలినుంచి తెచ్చాం పిల్లని" అంటే, "అవతలేముంది, ఇక్కడే" అన్నాను. అప్పటినుంచి అదే మాట. మా అమ్మాయి హేమ పుట్టినప్పుడు అమ్మ రాలేకపోతే, "దగ్గరే కదా, ఎప్పుడైనా వస్తుంది" అన్నాను. ఈ కొండల్లో ఏ కోడలూ పుట్టిల్లు దూరమని తన నోటితో చెప్పదు. చెబితే ఆ పూటే గడ్డిమోపు రెండింతలు బరువెక్కుతుంది.

ఇరవై ఆరేళ్ళలో నేను వెళ్ళింది పదకొండు సార్లు. అది కూడా భిటౌలీ పుస్తకంలోనే ఉంది. లెక్కపెట్టడం ఇవాళే మొదటిసారి.

మార్చి 23

వెనక్కి తగ్గను. తప్పు చెప్పింది నేనే కాబట్టి దిద్దాల్సిందీ నేనే.

పొద్దున్నే దీదీకి చెప్పాను. ఆమె గోడకానుకుని మోకాలికి ఆవనూనె రాసుకుంటోంది. అంతా విని, "ఇంతేనా!" అంది. "నేను మా పుట్టింట్లో రోజూ నెయ్యన్నం తినేదాన్నని నలభై ఏళ్ళు చెప్పాను. అక్కడ గేదె కూడా లేదు."

మార్చి 27, ఆదివారం

అన్న వచ్చాడు. నిన్న పొద్దున బయలుదేరి, రామ్‌కోట్‌లో రాత్రి ఉండి, ఇవాళ పదకొండుకు చేరాడు. పూరీలు, సింగల్ తీపి చుట్టలు, చీర, హేమకు శాలువా. నది: తెలియదు, వంతెన మీద నిద్రపోయాడట. రాసుకున్నాను.

తిన్నాక గానీ అసలు సంగతి ఎత్తలేదు.

"గోవిందీ, ఊళ్ళో తల ఎత్తుకోలేకపోతున్నా. నీ చెల్లెలు మన జిల్లాకు అడ్డం పడుతోందట కదా అంటున్నారు. ఇన్నాళ్ళకు మన కొండకో కచేరీ వస్తోంది. మాకు ఇరవై నిమిషాలు."

"మీకు రావాలి దాజ్యూ. నేనూ కోరుకుంటున్నా. మా ఊరిని మాత్రం అందులో కలపొద్దు అంటున్నా."

"ఒకే జిల్లా అయితే తప్పేంటే? మనిద్దరం ఒకే చోటివాళ్ళం అవుతాం. నాకది బాగుంది." ఆ మాట అంటూ వేరే వైపు చూశాడు.

నాకూ బాగుంది. ఆ సంగతి అన్నకు చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. పటం మొదటిసారి చూసినప్పుడు రెండు ఊళ్ళూ ఒకే రంగులో ఉన్నాయని రెండింటి మీదా వేలు పెట్టి చూసుకున్నాను.

"దాజ్యూ, నువ్వు ఏ దారిన వచ్చావు?"

"బస్సులో."

"ఎందుకు? గంటన్నరే కదా."

అన్న తన మోకాళ్ళు రెండూ చేతులతో రుద్దుకున్నాడు. తరవాత జేబులోంచి కలం తీశాడు. "ఎక్కడ పెట్టాలి సంతకం?"

"నీది చెల్లదు. నువ్వు అవతలివాడివి."

"అయితే అవతలివాడినని రాసే పెడతా. ఇవ్వు."

పెట్టాడు. నూట నాలుగో పేరు. పక్కన రాశాడు: దీవాన్ సింగ్, కఫలటా, మోకాళ్ళ వల్ల నడవలేను.

ఏప్రిల్ 1, శుక్రవారం

రామ్‌కోట్‌లో విచారణ. పద్దెనిమిది మంది ఆడవాళ్ళం, ఆరుగురు మగవాళ్ళు జీపుల్లో వెళ్ళాం. మా ఆయన కూడా వచ్చారు, ఎవరి పక్షమో చెప్పకుండా. ఫౌజు కోటు వేసుకున్నారు.

పెద్ద అధికారి నది అవతలివాడు కాదు, ఇవతలివాడూ కాదు. హల్ద్వానీ వైపు మైదానం మనిషి. మర్యాదగానే మాట్లాడాడు. నా కాగితాలు తిరగేసి, "ఇవేమిటమ్మా, పూరీలు, చీరలు?" అన్నాడు.

"దాని పక్కన గంటలు కూడా ఉన్నాయి సాబ్. అవి చదవండి."

చదివాడు. తరవాత తన ఫైలులోంచి ఆ కాగితం తీశాడు. అది వస్తుందని నాకు తెలుసు.

"ఈ గోవిందీ దేవి ఎవరు?"

"నేనే."

"గంటన్నర అని చెప్పింది మీరేనా?"

"నేనే చెప్పాను. తప్పు చెప్పాను."

ఖీమ్ సింగ్ వెనకనుంచి గొంతు సవరించుకున్నాడు. అధికారి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అప్పుడు తప్పు చెప్పిన మనిషి ఇప్పుడు నిజం చెబుతోందని ఎలా నమ్మను?"

"నమ్మొద్దు సాబ్. నడవండి."

దీదీ ముందుగా నవ్వింది. తరవాత గదంతా. అధికారి నవ్వలేదు. "ఎందుకు అలా చెప్పారు?" అని మాత్రం అడిగాడు.

పుస్తకం నా ఒళ్ళోనే ఉంది. 2009 శ్రావణం పేజీ తీశాను. చదవనక్కర్లేదు, కంఠతా వచ్చు. చదివాను.

"శ్రావణం ఏడు. పొద్దున అమ్మ గోడ మీద తెల్లగుడ్డ. రమ్మని. తొట్టికి తాళం. రోడ్డు మూడు చోట్ల విరిగింది. ఎనిమిది. కింద ఘాట్ దగ్గర పొగ. మా ముంగిట్లో నిలబడి చూశాను. పదకొండు. చేరాను."

అంతకంటే ఏమీ రాసి లేదు అందులో.

"అంతా కనిపించింది సాబ్," అన్నాను. "ఎవరెవరు మోశారో కూడా లెక్కపెట్టాను. నలుగురిలో ముందు కుడివైపు మా అన్న. మీ పటంలో అది రెండు వేళ్ళు. అంత దగ్గరలో అమ్మను కాలుస్తుంటే వెళ్ళలేకపోయానని ఒప్పుకోవడం కంటే గంటన్నర అని చెప్పుకోవడం నాకు తేలికైంది. నా తేలిక కోసం చెప్పిన మాట మీద మా ఊరిని నది దాటించకండి. శ్రావణంలో దీదీకి గుండెల్లో నొప్పి వస్తే మేం మళ్ళీ ముంగిట్లో నిలబడి మీ ఆసుపత్రి వైపు చూస్తూ ఉండాలి."

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. చూస్తే మా ఆయన లేచి నిలబడి ఉన్నారు, పరేడులో నిలబడినట్టు.

"ఆవిడ చెప్పింది నిజం సాబ్. నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను," అన్నారు. కూర్చున్నారు.

అధికారి కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. భూమి కొలిచే అమీను ఒకరిని పంపిస్తాననీ, ఆయన గడియారం చూసుకుని నడిచి రాసిందే తాను నమ్ముతాననీ చెప్పాడు.

"మంచి బూట్లు వేసుకు రమ్మనండి," అన్నాను.

ఏప్రిల్ 5

నలభై పూరీలు చేయాలి. గోధుమపిండి సరిపోతుంది. నెయ్యి దీదీ ఇస్తానంది. నిజం నెయ్యేనట.

ఏప్రిల్ 8, శుక్రవారం. కఫలటా

అమ్మ గదిలో కూర్చుని రాస్తున్నాను. కాళ్ళు నావి కావు.

అమీను పేరు నవీన్ పునేఠా. నలభై ఏళ్ళుంటాయి, పొట్ట ఉంది, బూట్లు పట్నానివి. దీదీ ఆయన్ని పైనుంచి కిందికి చూసి, "బాబూ, ఇంట్లో చెప్పే వచ్చావా?" అంది.

ఆరూ పదికి మా ముంగిట్లో గడియారం చూసుకున్నాం. నా వీపు మీద మూట. అందులో ఏముందని అడిగితే భిటౌలీ అన్నాను.

"అది అన్న కదా చెల్లెలికి తేవాలి?"

"ఆయన మోకాళ్ళు అరిగాయి. నావి ఇంకా ఉన్నాయి."

ఎనిమిదీ యాభైకి నది. తాడు కప్పీలో ఇరుక్కుని ఉంది, విడిపించడానికే అరగంట. తొట్టిలో కూర్చున్నాక ఆయన కళ్ళు మూసుకున్నాడు. తాడు నేనే లాగాను. మధ్యలో ఒకసారి, "ఆగిపోయామా?" అన్నాడు. "లేదు, చేయి మారుస్తున్నా" అన్నాను. అవతలి ఒడ్డున దిగేసరికి తొమ్మిదీ నలభై.

అక్కడినుంచి ఎక్కుడు. దారిలో గడ్డిమోపులవాళ్ళు బరువు ఆనించుకునే రాతి అరుగులు ముప్పై ఒకటి ఉంటాయి. ఆయన ఇరవై తొమ్మిదింటి మీద కూర్చున్నాడు. వదిలేసిన రెండింటి మీదా తేళ్ళున్నాయి. పదిహేనో దాని దగ్గర, "అమ్మా, ఏడు గంటలు అని రాసేస్తాను, ఇక్కడినుంచి వెనక్కి పోదామా?" అన్నాడు.

"రాసేవి చాలా అయ్యాయి బాబూ. ఇది నడుద్దాం."

ఒంటిగంట దాటాక మా ఇంటి ముందునుంచే వెళ్ళాం. ఆగలేదు. అన్న గోడ మీదినుంచి చూస్తున్నాడు. "ఏంటే, ఇంటికి కూడా రావా?" అని అరిచాడు. "గడియారం నడుస్తోంది దాజ్యూ!" అని అరిచాను. దేవల్‌చౌర్ కచేరీ పెట్టబోయే కట్టడం తలుపు ముట్టుకునేసరికి ఒకటీ యాభై. ఏడు గంటల నలభై నిమిషాలు.

ఆయన మెట్ల మీద కూర్చుని కలం తీశాడు. కాసేపు ఆలోచించాడు. "నేను అలవాటు లేనివాణ్ణి. మీరొక్కరే అయితే తొందరగా వచ్చేవారు కదా?"

"ఆరున్నరలో వస్తాను. దీదీ అయితే ఎంతకు వస్తుంది? ఆ గడి ఉందా మీ కాగితంలో?"

గడి లేదు. పక్క ఖాళీలో రాశాడు. వానాకాలం మూడు నెలలు దారి లేదని కూడా రాశాడు. నేను చదివాను, అక్షరం అక్షరం. తరవాతే నా పేరు పెట్టాను.

తిరిగి ఇంటికొచ్చాక అన్న, వదిన, అమీను, నేను ముంగిట్లో కూర్చుని పూరీలు తిన్నాం. "చెల్లెలు తెచ్చిన భిటౌలీ తిన్న మొదటి మగాణ్ణి నేనే అయుంటాను. పాపం పుణ్యం నీదే" అన్నాడు అన్న. నాలుగు తిన్నాడు.

అమీను నది అవతలికి చూస్తూ ఉన్నట్టుండి నోట్లో పూరీతోనే చేయి చాపాడు.

"అది మీ ఇల్లేనా? గోడ మీద ఎర్రగా ఏదో ఉందే!"

చూశాను. మా ముంగిటి గోడ మీద ఎర్ర రజాయి.

ఆరేయమని నేను మా ఆయనకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. పన్నెండేళ్ళుగా అది ఇంటి వెనకే ఆరుతోంది. ఇవాళ మంగళవారం కూడా కాదు. పొద్దున మేం బయలుదేరేటప్పుడు ఆయన ఆవు దగ్గర ఉన్నారు, వెళ్ళొస్తానంటే వెనక్కి కూడా తిరగలేదు.

"ఎంత దగ్గరగా ఉందో!" అన్నాడు అమీను.

గంటన్నరే అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

పుస్తకంలో రాసుకున్నాను. ఏప్రిల్ 8. భిటౌలీ. దారి: కాలిబాట, తొట్టి. నది: నడుం పైకి, పచ్చగా. తెచ్చింది: నేను.

ఏప్రిల్ 29, శుక్రవారం

ఉత్తర్వు వచ్చింది. భుజ్‌గాడ్ మీద నడక వంతెన పడేదాకా సిలింగీ రామ్‌కోట్ జిల్లాలోనే ఉంటుంది. ఖీమ్ సింగ్ స్వయంగా తెచ్చి చదివాడు, అంతా తానే చేసినట్టు. చదవనిచ్చాను.

దీదీ ఉత్తర్వు మీది ముద్రను వేలితో తడిమి చూసింది. "అయితే ఈ ఏడు కూడా పాత గేటు దగ్గరే బతికుంటాను."

పటం మారుస్తారట. ఆకుపచ్చ మరక పోతుంది. కఫలటా ఆ రంగులో, నేను ఈ రంగులో. సరే.

సాయంత్రం వంతెన కోసం అర్జీ మొదలుపెట్టాను. అదే ఉత్తర్వు నకలు, ఆ "పడేదాకా" అనే మాట కింద గీత గీసి జతచేశాను. మా ఆయన పక్కన కూర్చుని వంతెన పొడవు ఎంత అడగాలో చెప్పారు. పటం చదవడం వచ్చు కదా.

జూన్ 6, సోమవారం

ఆవు పూటకు రెండు లీటర్లు. రజాయి ముంగిట్లో ఆరేశాను. రేపటికి ఎండ ఉంటుందో ఉండదో.

వంతెన చోటు చూడ్డానికి ఇంజనీరు వచ్చాడు. వానలకు ముందే రావడం ఆశ్చర్యమే. ముంగిట్లో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, అవతలికి చూసి, "ఇదేనా? ఓస్, ఇక్కడే కదా!" అన్నాడు.

అలవాటుగా టీ గిన్నె పొయ్యి మీద పెట్టబోయాను. దింపేశాను.

"టీ కింద, నది దగ్గర. పదండి," అన్నాను. ముందు ఆయన బూట్లు చూశాను.